విస్కీ గురించి వింటున్న మాటల్లో ఏది నిజం, ఏది అపోహ?

కొత్తగ్లాసు:

అందరికీ నమస్కారం. విస్కీ కొనడం గురించీ తాగడం గురించీ వింటున్న మాటలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఏళ్ళు పెరిగేకొద్దీ రుచి పెరుగుతుందంటారు. సింగిల్ మాల్ట్ ఒక్కటే అసలైన విస్కీ, బ్లెండ్ అంటే చవకబారు సరుకు అంటారు. ముదురు రంగు ఉంటే పాతదని, నీళ్ళు కలిపితే పాడు చేసినట్టేనని, మంచి విస్కీ అయితే గొంతు మండదని, ఖరీదైనది తాగితే మర్నాడు తలనొప్పి రాదని ఇంకొందరు. వీటిలో ఏవి నిలుస్తాయి?

సీసా మీద ఏం చదవాలి, గ్లాసులో ఎంత పోసి ఎంత నీళ్ళు కలపాలి, మూత తీశాక ఎన్నాళ్ళు ఉంటుంది అన్నవి లెక్కలతో సహా చెబితే మేలు చేసినవారవుతారు. ఒక పెద్దాయనకు కానుకగా ఒక సీసా కొనాలి. ఆయనకు ఏ రకం ఇష్టమో తెలియదు.

ఓక్‌పీపా:

కొత్తగ్లాసు గారూ, లేబుల్‌తో మొదలుపెడతాను. అపోహల్లో సగం అక్కడే పుడతాయి.

స్కాచ్ సీసా మీద 12 అని ఉంటే, అందులో కలిపిన విస్కీలన్నిటిలోకీ చిన్నదాని వయసు పన్నెండేళ్ళు అని అర్థం. పదిహేనేళ్ళది, ఇరవయ్యేళ్ళది కూడా అందులో ఉండొచ్చు. ఇరవయ్యేళ్ళ విస్కీ వెయ్యి లీటర్లలో మూడేళ్ళది ఒక్క లీటరు కలిపినా, వయసు వేయదలుచుకుంటే 3 అనే వేయాలి. ఇది స్కాట్లాండ్‌లో చట్టం. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం 700 లీటర్లు మించని ఓక్ పీపాలో, స్కాట్లాండ్‌లోనే, కనీసం మూడేళ్ళు ఉండాలి. సీసాలో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. నీళ్ళు, రంగు కోసం మామూలు కారమెల్ తప్ప ఇంకేమీ కలపకూడదు.

ఇక వయసుకూ రుచికీ ఉన్న సంబంధం. పీపాలో మూడు పనులు ఒకేసారి నడుస్తాయి. బట్టీ దిగిన కొత్త స్పిరిట్‌లోని గంధకపు వాసనల్ని పీపా లోపలి కాల్చిన పొర పీల్చుకుంటుంది. చెక్కలోంచి వెనిల్లా, లవంగం లాంటి వాసనలు, రంగు, వగరు స్పిరిట్‌లోకి దిగుతాయి. చెక్క రంధ్రాల గుండా గాలి మెల్లగా చేరి పళ్ళ వాసనల్లాంటివి పుట్టిస్తుంది. వీటిలో మొదటిది కొన్నేళ్ళకే చాలావరకు పూర్తవుతుంది. రెండోది మాత్రం ఆగదు, చిక్కంతా అక్కడే. పీపా చురుకైనదైతే ఒక దశ దాటాక చెక్క వగరు మిగతా వాసనలన్నిటినీ మింగేస్తుంది. దానికి పూర్తి వ్యతిరేకం, మూడు నాలుగుసార్లు వాడి సారం పోయిన పీపా. దానిలో ఇరవయ్యేళ్ళున్నా స్పిరిట్ పలచగానే మిగలొచ్చు. అందుకే ఏళ్ళ అంకెను పీపా రకంతో కలిపి చదవాలి.

వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. స్కాట్లాండ్ చలిలో పీపాలోంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. తైవాన్ లాంటి వేడి చోట అది ఎన్నో రెట్లు ఎక్కువ, చెక్క సారం దిగడం కూడా అంతే వేగం. అక్కడి ఆరేళ్ళ విస్కీని స్కాట్లాండ్ ఆరేళ్ళ విస్కీ పక్కన పెట్టి వయసు పోల్చడంలో అర్థం లేదు.

వయసు వేయని సీసాలు నాసిరకమనే మాటా తప్పే. స్కాచ్ అయితే మూడేళ్ళు దాటిందన్నది ఖాయం. ఇక శాతం ఎంత, ఏ పీపా, రంగు కలిపారా లేదా అన్న వివరాలు తయారీదారు ఎంత విప్పి చెబితే ఆ సీసాను అంత నమ్మొచ్చు. పేరులో బంగారం, రాజసం, అరుదైనది లాంటి మాటలు మాత్రమే ఉండి వివరం ఏదీ లేకపోతే నేనైతే కొనను. స్కాచ్‌లో ఆ విశేషణాలకు చట్టంలో నిర్వచనం లేదు.

సింగిల్ మాల్ట్‌లో సింగిల్ అంటే ఒకే డిస్టిలరీ. చాలామంది ఒకే పీపా అనుకుంటారు. మామూలు సింగిల్ మాల్ట్ సీసాలో పదుల, వందల పీపాల విస్కీ కలిసి ఉంటుంది. ఒకే పీపాది కావాలంటే లేబుల్ మీద సింగిల్ కాస్క్ అని ఉండాలి. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. ఆ బార్లీ తప్ప వేరే ధాన్యం వాడకుండా, ఒకే డిస్టిలరీలో, కుండ బట్టీల్లో దించితేనే స్కాట్లాండ్‌లో ఆ పేరు పెట్టుకోనిస్తారు. సింగిల్ గ్రెయిన్ అనే రకంలో కూడా సింగిల్ అంటే డిస్టిలరీయే. అందులో గోధుమ, మొక్కజొన్న, బార్లీ కలిసే ఉండొచ్చు.

బ్లెండెడ్ స్కాచ్ అంటే మాల్ట్ విస్కీలు, గ్రెయిన్ విస్కీలు కలిపినది. ఈనియస్ కాఫీ అనే ఆయన 1830లో పేటెంట్ తీసుకున్న నిలువు బట్టీ వచ్చాక తేలికైన గ్రెయిన్ విస్కీ విరివిగా దొరికింది. దాన్ని ఘాటైన మాల్ట్‌లతో కలపడం వల్లే స్కాచ్ ప్రపంచమంతా పాకింది. పాతిక, ముప్పై రకాల విస్కీలను కలిపి ఏటేటా ఒకే రుచి రాబట్టడం చిన్న విద్య కాదు. చవక బ్లెండ్లలో లోపం కలపడంలో ఉండదు. చిన్న వయసు గ్రెయిన్ ఎక్కువ పోసి, సారం పోయిన పీపాలు వాడటంలో ఉంటుంది. జానీ వాకర్ బ్లాక్ లేబుల్ పన్నెండేళ్ళ బ్లెండ్. దాని పక్కన పీపా సరిగా లేని పన్నెండేళ్ళ సింగిల్ మాల్ట్‌ను పెట్టి పేర్లు దాచి రుచి చూపిస్తే, సింగిల్ మాల్టే గెలుస్తుందన్న హామీ ఏమీ లేదు.

బ్లెండెడ్ మాల్ట్ అని ఇంకో రకం ఉంది. గ్రెయిన్ కలపకుండా వేర్వేరు డిస్టిలరీల సింగిల్ మాల్ట్‌లను కలిపితే ఆ పేరు. మంకీ షోల్డర్, జానీ వాకర్ గ్రీన్ లేబుల్ ఈ కోవలోవి. లేబుల్ మీద బ్లెండెడ్ అన్న మాట కనబడగానే పక్కన పెట్టేసేవాళ్ళు ఇలాంటివి పోగొట్టుకుంటారు.

రాగిబట్టీ:

ఓక్‌పీపా గారు చెప్పినదానికి రంగు సంగతి జోడిస్తాను.

బట్టీ దిగిన స్పిరిట్ నీళ్ళలా తెల్లగా ఉంటుంది. రంగంతా పీపాదే, లేదా పీపాతో పాటు కలిపిన కారమెల్‌ది. స్కాచ్‌లో ఈ150ఏ అనే కారమెల్ రంగును అనుమతిస్తారు. ప్రతి బ్యాచ్ ఒకే రంగులో కనబడాలని చాలామంది తయారీదారులు వాడతారు. జర్మనీలో అమ్మే సీసాల మీద ఆ సంగతి రాయడం తప్పనిసరి. కాబట్టి ముదురు రంగు చూసి వయసు చెప్పడం కుదరదు. కారమెల్ లేకపోయినా అంతే. షెర్రీ అనే స్పెయిన్ వైన్ పట్టిన పీపాలో ఎనిమిదేళ్ళున్నది ఎర్రగా వస్తుంది, మూడోసారి వాడిన బర్బన్ (అమెరికా మొక్కజొన్న విస్కీ) పీపాలో పాతికేళ్ళున్నది లేత గడ్డి రంగులోనే ఉండొచ్చు. బర్బన్‌లో మాత్రం రంగు కలపడం నిషిద్ధం. అది ఎప్పుడూ కొత్త, లోపల కాల్చిన ఓక్ పీపాలోనే ఉండాలి కనుక నాలుగేళ్ళకే ముదురుగా వస్తుంది.

గ్లాసు తిప్పితే గోడల మీద జారే ధారలు నాణ్యతకు గుర్తన్నది కూడా అపోహే. ఆల్కహాల్ నీళ్ళ కన్నా ముందు ఆవిరవుతుంది. అంచు దగ్గర తలతన్యత మారి ద్రవం పైకి పాకి, మళ్ళీ జారుతుంది. ధారలు చిక్కగా ఉంటే ఆల్కహాల్ శాతం ఎక్కువని తెలుస్తుంది, అంతే.

ఇక లేబుల్ మీద మీరు నిజంగా వెతకాల్సింది శాతం. 40 శాతం సీసాలు చాలావరకు చిల్ ఫిల్టర్ చేసినవి. విస్కీని సున్నా డిగ్రీల దగ్గరికి చల్లబరచి వడకడతారు. అలా చేయకపోతే 46 శాతం కన్నా పలచనైన విస్కీ చలికిగానీ, ఐస్ వేసినప్పుడుగానీ మబ్బుగా మారుతుంది. ఆ మబ్బు కొవ్వు ఆమ్లాల ఎస్టర్లది, హాని లేదు. వడకట్టినప్పుడు నోట్లో కొంత నిండుదనం తగ్గుతుందని చాలామంది అభిప్రాయం. ఆ తేడా ఎంతన్నదాని మీద వాదనలున్నాయి, నాకు అది చిన్న తేడాయే అనిపిస్తుంది. చిల్ ఫిల్టర్ చేయలేదని లేబుల్ మీద ఉండి 46 శాతం ఉంటే, తయారీదారు చూపు కన్నా రుచికి విలువ ఇచ్చాడని అర్థం చేసుకోవచ్చు. అలాంటి విస్కీలో నీళ్ళు పోయగానే మబ్బు కమ్మితే కల్తీ అని కంగారు పడొద్దు.

నీట్‌గానే:

రంగు, లేబుల్ సంగతి బాగుంది. కానీ నీళ్ళ విషయంలో రాజీ లేదు. డిస్టిలరీ వాళ్ళు ఏ శాతంలో సీసాకు ఎత్తారో ఆ శాతంలోనే తాగాలి. ఐస్ వేస్తే విస్కీ చచ్చినట్టే.

నీటిబొట్టు:

నీట్‌గానే గారూ, సీసాకు ఎత్తిన శాతం కూడా నీళ్ళు కలిపి తెచ్చిందే కదా. స్కాట్లాండ్‌లో స్పిరిట్‌ను సాధారణంగా 63.5 శాతం దగ్గర పీపాలో పోస్తారు. పన్నెండేళ్ళకు అది ఇంకా యాభై పైనే ఉంటుంది. 40కి తెచ్చేది నీళ్ళే. కాస్క్ స్ట్రెంగ్త్ అని ఉన్నవి ఒక్కటే అలా పలచన చేయనివి. విస్కీ కలిపే నిపుణులు సైతం వాసన చూసేటప్పుడు 20 శాతం దగ్గరకు పలచన చేసుకుంటారు. ఆల్కహాల్ ఘాటుకు ముక్కు మొద్దుబారకుండా, లోపాలు పట్టుకోవడానికి.

నీళ్ళు ఎందుకు పనిచేస్తాయో 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కంప్యూటర్ సిమ్యులేషన్‌తో వివరించారు. పొగ వాసన ఇచ్చే గ్వాయకాల్ అనే అణువు 45 శాతం లోపు ఆల్కహాల్ ఉన్నప్పుడు ద్రవం ఉపరితలం దగ్గర, అంటే ముక్కుకు దగ్గరగా చేరుతుంది. 59 శాతం దాటితే ఆల్కహాల్ అణువులు దాన్ని చుట్టుముట్టి లోపలే ఉంచేస్తాయి. అది కంప్యూటర్‌లో చేసిన లెక్క, మనుషులతో చేసిన రుచి పరీక్ష కాదు. అయినా రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుని ఒకదానిలో నీళ్ళు కలిపి చూస్తే తేడా ఎవరి ముక్కుకైనా తెలుస్తుంది.

ఎంత కలపాలో లెక్క తేలిక. విస్కీ మిల్లీలీటర్లను దాని శాతంతో గుణించి, కావలసిన శాతంతో భాగించండి. వచ్చినదాంట్లోంచి మొదటి కొలత తీసేస్తే మిగిలింది నీళ్ళు. 46 శాతం విస్కీ 30 మి.లీ. ఉంది, 40కి తేవాలి. 30ని 46తో గుణించి 40తో భాగిస్తే 34.5. నీళ్ళు 4.5 మి.లీ., అంటే ఒక టీస్పూన్‌కు కాస్త తక్కువ. 58 శాతం కాస్క్ స్ట్రెంగ్త్ 30 మి.లీ. 46కి రావాలంటే దాదాపు 8 మి.లీ. ఈ కొలతకు సూది లేని సిరంజి బాగా పనికొస్తుంది. నీళ్ళు గది వేడిలో ఉండాలి, క్లోరిన్ వాసన ఉండకూడదు. ఒకేసారి పోసేయకుండా అర టీస్పూన్ చొప్పున పోసి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ వాసన చూడండి. పోసిన నీళ్ళను వెనక్కి తీయలేం. ముప్పై ఏళ్ళు దాటి 41, 42 శాతానికి దిగిపోయిన పాత విస్కీలకు మాత్రం రెండు చుక్కలు కూడా ఎక్కువ కావచ్చు, వాటి దగ్గర మీ మాటే నెగ్గుతుంది.

ఐస్ వేరే పని చేస్తుంది. చల్లబడితే వాసనలు గాల్లోకి లేవవు, నాలుక కూడా కొంత మొద్దుబారుతుంది. తీపి తగ్గినట్టు, చేదు, వగరు పెరిగినట్టు అనిపిస్తుంది. అందుకని కొత్త సీసాను మొదటిసారి చూసేటప్పుడు ఐస్ వద్దు. తర్వాత మీ ఇష్టం. బర్బన్ లాంటి తీపి, నిండు రుచి ఉన్నవి ఐస్‌ను తట్టుకుంటాయి. ఒక పెద్ద ముక్క వేస్తే, చిన్నవి పది వేసినదాని కన్నా నిదానంగా కరుగుతుంది.

ఐస్‌కు బదులు అమ్మే రాళ్ళు ఎందుకు చల్లబరచవని కూడా తెలుసుకోండి. ఐస్ చల్లదనం అంతా అది కరగడంలో ఉంది. ఒక గ్రాము కరగడానికి 334 జౌళ్ళ వేడి లాక్కుంటుంది. 20 గ్రాముల ఐస్ కరిగితే సుమారు 6,700 జౌళ్ళు. అదే బరువున్న రాయి మైనస్ 18 నుంచి సున్నాకు రావడానికి లాక్కునేది మూడు, నాలుగు వందల జౌళ్ళే. రాళ్ళు వేసిన గ్లాసు కొద్దిగా చల్లబడి ఆగిపోతుంది.

సోడాతో తాగాలనుకుంటే విస్కీ ఒక వంతు, బాగా చల్లని సోడా మూడు వంతులు. పొడవైన గ్లాసు నిండా ఐస్ వేసి, ముందు విస్కీ పోసి కలిపి, సోడా అంచు వెంట పోసి ఒక్కసారే తిప్పండి. ఎక్కువ తిప్పితే గ్యాసు పోతుంది. 40 శాతం విస్కీ అప్పుడు 10 శాతానికి వస్తుంది, ఐస్ కరిగితే ఇంకా తక్కువ. శాతం తగ్గినా లోపలికి పోయే ఆల్కహాల్ మొత్తం మారదు, అది మర్చిపోవద్దు.

రాగిబట్టీ:

గొంతు మంట గురించి ఎవరూ చెప్పలేదు. మిరప మంటను పట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకమే ఆల్కహాల్‌కు కూడా స్పందిస్తుంది. మామూలుగా అది 42 డిగ్రీల దగ్గర వేడిని గుర్తిస్తుంది. ఆల్కహాల్ తగిలితే ఆ హద్దు 34 డిగ్రీల దాకా దిగిపోతుంది. అంటే మన ఒంటి వేడే మంటగా తోస్తుంది. కాబట్టి 55 శాతం విస్కీ ఎంత గొప్పదైనా మండుతుంది, 40 శాతానికి తెచ్చి బాగా వడకట్టిన సాదా విస్కీ మెత్తగా జారుతుంది. స్మూత్ అన్నది శాతం గురించి చెప్పినంతగా నాణ్యత గురించి చెప్పదు. అసలు లోపం వేరే తెలుస్తుంది: మింగాక నెయిల్ పాలిష్ వాసన, పచ్చి పిండి వాసన, లేదా నాలుక పక్కలు ఎండబెట్టే చెక్క చేదు మిగలడం.

రుచి చూసే పద్ధతి చెబుతాను. తులిప్ పువ్వులా అంచు దగ్గర సన్నబడే గ్లాసు తీసుకోండి, గ్లెన్‌కెయిర్న్ లాంటిది. అది లేకపోతే చిన్న వైన్ గ్లాసు. 15 నుంచి 20 మి.లీ. చాలు. పోసి ఐదు నిమిషాలు వదిలేయండి. ముక్కును గ్లాసులో దూర్చకుండా అంచుకు అంగుళం దూరంలో ఉంచి, నోరు కాస్త తెరిచి పీల్చండి. నోరు తెరిస్తే ఘాటు తగ్గి వాసనలు తెలుస్తాయి. మొదటి గుక్క 3 మి.లీ. మించకుండా నోరంతా తిప్పి మింగండి. ఆ గుక్కతో ఏ తీర్పూ ఇవ్వొద్దు, అది నోటిని ఆల్కహాల్‌కు అలవాటు చేయడానికే. రెండో గుక్క నుంచి చూడండి. నీళ్ళు కలిపి మూడోసారి. మధ్యలో మంచినీళ్ళు తాగుతూ ఉండాలి. ఒకే పూట మూడు, నాలుగు రకాలకు మించితే ముక్కు నమ్మదగ్గది కాదు. పొగ విస్కీ ఉంటే ఆఖరున పెట్టుకోండి, లేకపోతే తర్వాతవన్నీ పొగే అనిపిస్తాయి.

కొత్తగ్లాసు:

చాలా థాంక్స్ అండీ. ఇంకో రెండు. స్కాచ్ అంటే పొగ వాసన ఉంటుందని, ఐరిష్‌ది ఎప్పుడూ తేలికగా ఉంటుందని అంటారు, నిజమేనా? అలాగే తలనొప్పి సంగతి, జలుబుకు ఒక పెగ్గు మంచిదన్న మాట సంగతి.

ఓక్‌పీపా:

స్కాచ్‌లో ఎక్కువ భాగానికి పొగ వాసన లేదు. అది పీట్ నుంచి వస్తుంది. తడి నేలల్లో వేల ఏళ్ళుగా పేరుకున్న మొక్కల మట్టి అది. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు దాన్ని కాల్చితే పొగలోని ఫినాల్స్ గింజకు పడతాయి. పీట్ నేలల మీదుగా పారే నీళ్ళ వల్ల పొగ వాసన వస్తుందన్నది ఉత్త మాట.

స్కాట్లాండ్‌లోని ఐలా దీవి అంటే అంతా పొగే అనుకోవద్దు. లాఫ్రాయిగ్, ఆర్డ్‌బెగ్, లాగావులిన్ పొగవే. అదే దీవిలో బునహావెన్ తీసేవి చాలావరకు పొగ లేనివి. బ్రుక్‌లాడీ అయితే తన పేరుతో పొగ లేనిది, ఆక్టోమోర్ పేరుతో ప్రపంచంలోనే అతి ఘాటైన పీట్ విస్కీల్లో ఒకటి, ఒకే డిస్టిలరీలో తీస్తుంది. హైలాండ్స్‌లోని ఆర్డ్‌మోర్‌లో పొగ ఉంటుంది. ప్రాంతం పేరు చూసి రుచి ఊహించడం కన్నా లేబుల్ మీద పీటెడ్ అని ఉందో లేదో చూడటం నయం. కొన్ని సీసాల మీద పీపీఎం అంకె వేస్తారు, అంటే పది లక్షల వంతుల్లో ఫినాల్స్ ఎన్ని వంతులన్న లెక్క. అది గింజలో కొలిచినది. పిండి నానబెట్టడంలో, బట్టీలో చాలా భాగం పోతుంది, పీపాలో ఏళ్ళ తరబడి ఇంకా తగ్గుతుంది. 50 పీపీఎం గింజతో చేసిన పదేళ్ళదీ, ఇరవై ఐదేళ్ళదీ ఒకేలా పొగ కొట్టవు.

ఐరిష్ విస్కీని మూడుసార్లు బట్టీ పట్టాలన్న చట్టం లేదు. చాలామంది పడతారు, అంతే. కొనెమారా అనే ఐరిష్ విస్కీలో పీట్ పొగ ఉంది. స్కాట్లాండ్‌లోని ఆఖెంటోషన్ మూడుసార్లు పడుతుంది. ఐర్లాండ్‌కు నిజంగా ప్రత్యేకమైనది పాట్ స్టిల్ రకం. మొలకెత్తిన బార్లీ, మొలకెత్తని బార్లీ రెండూ కనీసం 30 శాతం చొప్పున ఉండాలి. పచ్చి బార్లీ వల్ల నోట్లో నూనెలాంటి నిండుదనం, మసాలా ఘాటు వస్తాయి. ఈ రకానిదే అయిన రెడ్‌బ్రెస్ట్ తాగి దాన్ని తేలికైనదని ఎవరూ అనరు.

బర్బన్ కెంటకీలోనే చేయాలన్నదీ అపోహే. అమెరికాలో ఎక్కడ చేసినా కావచ్చు, గింజల్లో మొక్కజొన్న 51 శాతానికి తగ్గకూడదు. స్ట్రెయిట్ అని ఉంటే రెండేళ్ళు దాటింది. నాలుగేళ్ళ లోపుదైతే వయసు వేయాలి. కాబట్టి వయసు లేని స్ట్రెయిట్ బర్బన్ నాలుగేళ్ళదైనా అయ్యుంటుంది. లేబుల్ భాష తెలిస్తే ఇలా దాచిన వయసు కూడా చదవొచ్చు.

జపాన్ విషయంలో జాగ్రత్త. అక్కడి తయారీదారుల సంఘం 2021లో పెట్టుకున్న ప్రమాణం ప్రకారం అక్కడే పులియబెట్టి, బట్టీ పట్టి, మూడేళ్ళు పీపాలో ఉంచి, అక్కడే సీసాకు ఎత్తితేనే జపనీస్ విస్కీ అనాలి. పాత సరుకు సర్దుకోవడానికి 2024 మార్చి దాకా గడువిచ్చారు. అది చట్టం కాదు, సంఘం సభ్యుల నియమం. అంతకు ముందు బయటి విస్కీ తెచ్చి కలిపి, జపాన్ లిపితో అమ్మినవి చాలానే ఉన్నాయి.

వైద్యశాల_వైపు:

తలనొప్పి, జలుబు ప్రశ్నకు నేను జవాబిస్తాను. ఇక్కడ మెత్తగా చెప్పడం మంచిది కాదు.

40 శాతం విస్కీ 60 మి.లీ.లో ఆల్కహాల్ 24 మి.లీ., బరువులో సుమారు 19 గ్రాములు. 5 శాతం బీరు 480 మి.లీ. తాగినా అంతే. కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు ఖర్చు చేస్తుంది. అంటే ఆ ఒక్క పెద్ద పెగ్గు దిగడానికి రెండు, మూడు గంటలు. కాఫీ, చన్నీళ్ళ స్నానం, వాంతి చేసుకోవడం ఏవీ ఆ వేగాన్ని పెంచవు. మెలకువగా అనిపిస్తుంది గానీ రక్తంలో శాతం తగ్గదు. బండి తీయడానికి అది ఆధారం కాదు.

మర్నాటి తలనొప్పి ప్రధానంగా ఎంత తాగారన్నదాన్ని బట్టి వస్తుంది. ఖరీదును బట్టి మారదు. పీపాలో పండిన విస్కీలో కాంజనర్లు, అంటే పులియబెట్టేటప్పుడూ పీపాలోనూ చేరే ఇతర పదార్థాలు, వోడ్కాలో కన్నా ఎక్కువ, బర్బన్‌లో మరీ ఎక్కువ. అవి హ్యాంగోవర్‌ను కొంత పెంచుతాయని పరీక్షల్లో తేలింది. అంటే ఖరీదైన పాత విస్కీ ఈ విషయంలో వోడ్కా కన్నా మెరుగేమీ కాదు. రెండు రకాలు కలిపి తాగితేనే తలనొప్పి అన్నదానికీ ఆధారం లేదు. కలిపి తాగే పూట మొత్తం ఎక్కువవుతుంది.

కడుపు నిండా తిని తాగితే ఆల్కహాల్ నిదానంగా ఎక్కుతుంది. ఎక్కకుండా పోదు. కోలా లాంటి తీపి పానీయంతో కలిపితే ఘాటు తెలియక గుక్కలు పెద్దవవుతాయి. ఎనర్జీ డ్రింకుతో కలపడం అన్నిటికన్నా చెడ్డది. మగత తెలియదు, మత్తు మాత్రం అంతే ఉంటుంది.

చలికి, జలుబుకు విస్కీ మందు అన్నది తప్పు. తాగితే చర్మం దగ్గరి రక్తనాళాలు వ్యాకోచించి వెచ్చగా తోస్తుంది. అదే సమయంలో ఒంట్లోని వేడి బయటికి పోతుంది. చలి ప్రదేశంలో ఇది ప్రమాదం. నిద్ర కూడా అంతే, త్వరగా పడుతుంది గానీ రాత్రి రెండో సగంలో ముక్కలవుతుంది. జలుబు మాత్రల్లో మగత ఇచ్చే మందులుంటే మత్తు రెట్టింపవుతుంది. పారాసిటమాల్ వేసుకుంటూ రోజూ ఎక్కువ తాగేవారికి కాలేయానికి ముప్పు. ఇన్సులిన్ లేదా సల్ఫొనైల్‌యూరియా రకం షుగర్ మాత్రలు వాడేవారు ఖాళీ కడుపున తాగితే కొన్ని గంటల తర్వాత కూడా షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. విస్కీలో చక్కెర లేదు కనుక షుగర్‌కు పరవాలేదన్న మాట అందుకే నమ్మొద్దు. బరువుకు కూడా అంతే. ఆ 60 మి.లీ.లో ఆల్కహాల్ నుంచే దాదాపు 130 కేలరీలు.

గుండెకు మంచిదన్న వాదనను ఆధారం చేసుకుని ఎవరూ మొదలుపెట్టొద్దు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యపానాన్ని క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఏ మోతాదూ పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. కానుక అందుకునే పెద్దాయన ఏ మందులు వాడుతున్నారో ముందు కనుక్కోండి. గర్భిణులకు ఒక్క చుక్క కూడా వద్దు.

నీట్‌గానే:

నీటిబొట్టు గారి లెక్కతో 50 శాతం విస్కీని 43కి తెచ్చి చూశాను. వాసన విచ్చుకుంది, ఒప్పుకుంటున్నాను. సీసా నిల్వ గురించి నాకు తెలిసింది రాస్తాను.

విస్కీ సీసాలో పండదు. పన్నెండేళ్ళది కొని ఇరవయ్యేళ్ళు బీరువాలో పెట్టినా అది పన్నెండేళ్ళదే. వైన్ సీసాలా పడుకోబెట్టకూడదు. ఎక్కువ శాతం ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది, ముక్కలై విస్కీలో పడుతుంది, చెడు వాసన పడుతుంది. నిలబెట్టి ఉంచి, కొన్ని నెలలకోసారి క్షణం పాటు వంచి బిరడా తడిపితే ఎండిపోకుండా ఉంటుంది. ఎండ తగలకూడదు, రంగూ వాసనా వెలిసిపోతాయి. పొయ్యి పక్కన, ఫ్రిజ్ మీద లాంటి వేడి చోట్లు వద్దు. బిరడా విరిగితే కాఫీ వడకట్టే కాగితంతో వడకట్టి, వేరే శుభ్రమైన బిరడా పెట్టండి. పడేయాల్సిన పని లేదు.

మూత తీశాక చెడిపోదు, మెల్లగా మారుతుంది. సీసా నిండుగా ఉన్నంతవరకు ఏడాది దాటినా పెద్ద తేడా తెలియదు. మూడో వంతుకు దిగాక లోపలి గాలి ఎక్కువై కొన్ని నెలల్లోనే వాసనలు చప్పబడతాయి, పొగ విస్కీలో పొగ ముందుగా పోతుంది. అప్పుడు మిగిలినదాన్ని చిన్న గాజు సీసాలోకి మెడ దాకా నింపి మార్చండి. అందంగా ఉంటాయని సీసం కలిసిన క్రిస్టల్ డికాంటర్లలో నిల్వ పెట్టొద్దు, నాళ్ళు గడిచేకొద్దీ సీసం విస్కీలోకి దిగుతుంది.

ఓక్‌పీపా:

కానుక సంగతి మిగిలింది. రుచి తెలియని పెద్దలకు పొగ విస్కీ ఇవ్వొద్దు. దానిని ఇష్టపడేవారు ప్రాణం పెడతారు, మిగతావారికి ఆసుపత్రి వాసనలా తోస్తుంది. ఆయన తేలికైనవి తాగేవారైతే గ్లెన్‌లివెట్ లేదా గ్లెన్‌ఫిడిక్ పన్నెండేళ్ళవి. తీపి, ఎండుపళ్ళ రుచి నచ్చుతుందనుకుంటే షెర్రీ పీపాలో పండిన గ్లెన్‌డ్రోనక్ పన్నెండు. ఎప్పుడూ సోడాతోనే తాగేవారైతే మంచి బ్లెండ్ కొనండి, అరుదైన సింగిల్ మాల్ట్ సోడాలో మునిగిపోతుంది. పొగ ఇష్టమని తెలిస్తేనే టాలిస్కర్ పది. 45.8 శాతం ఉంటుంది, ఒక టీస్పూన్ నీళ్ళతో బాగా విచ్చుకుంటుంది.

కొనేటప్పుడు మూత మీది సీలు చుట్టూ చేత్తో తడిమి చూడండి, చిరుగులుగానీ కొత్త జిగురుగానీ ఉండకూడదు. గాజు మీద, సాధారణంగా అడుగు దగ్గర, లాట్ కోడ్ ఉంటుంది. దాన్ని గీకేసి ఉంటే వదిలేయండి. పక్కనున్న అదే రకం సీసాలతో మట్టం పోల్చండి. కొత్త సీసాలో మెడ కిందికి దిగి ఉంటే బిరడా కారినట్టో, ఎవరో తెరిచినట్టో. పాత సీసాల మీద శాతానికి బదులు ప్రూఫ్ అని ఉంటే ఏ దేశపు లెక్కో చూసుకోండి. అమెరికా ప్రూఫ్‌ను సగం చేస్తే శాతం వస్తుంది. పాత బ్రిటిష్ లెక్కలో 100 ప్రూఫ్ అంటే 57.15 శాతం, కాబట్టి 75 ప్రూఫ్ అంటే దాదాపు 42.9 శాతం. ఆ తేడా తెలియక 75 చూసి భయపడి వెనక్కి ఇచ్చేసేవాళ్ళున్నారు.